పెడల్ అడుగంటితే

పాత జీపుకు కొత్త ఇంజిన్ వచ్చింది, పెద్ద టైర్లు వచ్చాయి, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులూ వచ్చాయి. బ్రేకు మాత్రం లోపలికి పోతోంది. అనంతగిరి ఘాట్ దిగేవాళ్లు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇది.

వికారాబాద్ దాటి తాండూరు దారి పట్టగానే కాసేపట్లో అడవి చుట్టుముడుతుంది. మూసీ పుట్టిన కొండలివి. అనంత పద్మనాభస్వామి గుడి, చెట్ల కిందుగా వంపులు తిరిగే రోడ్డు, ఆ తర్వాత ధారూరు మీదుగా తాండూరు దాకా సాగే మైదానం. హైదరాబాద్‌కు ఇంత దగ్గర్లో ఘాట్ అనదగ్గ దారి ఇదే కాబట్టి శని, ఆదివారాల్లో నగరం సగం ఇటే వస్తుందా అనిపిస్తుంది. ఆ వరుసలో పాత జీపులను చూస్తే పిల్లలే కాదు, పెద్దలూ తల తిప్పుతారు. పైకప్పు తీసేసి, ఎత్తు పెంచి, లావు టైర్లు తొడిగి, బానెట్‌కు కొత్త రంగు కొట్టి తెస్తారు. యజమాని మురిపెం అంతా బండిలో కనిపిస్తుంది. కనిపించనిది పెడల్ కింద ఉంటుంది.

మెకానిక్ షెడ్డులో ఈ ఫిర్యాదు ఎప్పుడూ ఒకే మాటల్లో వస్తుంది. "అన్నా, బ్రేకు లోపలికి పోతున్నది, జర చూడు." దాని వెనకే ఇంకో మాట: "రెండుసార్లు కొడితే దొరుకుతది." ఈ రెండో మాటకే నేను ఎక్కువ భయపడతాను. రెండుసార్లు కొడితే దొరికే బ్రేకు మూడు నెలలు నడిపిస్తుంది, ఆరు నెలలు నడిపిస్తుంది, కాలికి అలవాటైపోతుంది. మలుపులో ఎదురుగా లారీ వచ్చిననాడు రెండోసారి కొట్టే వ్యవధి ఉండదు.

ఏ బండికి చేసిన బ్రేకులవి?

మన దగ్గర జీపు కథ 1947లో మొదలైంది. మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులను ఇక్కడ బిగించి అమ్మడం మొదలుపెట్టింది అప్పుడే. తర్వాత వచ్చిన ఎత్తు బానెట్ సీజే-3బీ నమూనా దశాబ్దాల పాటు మన పల్లె రోడ్లను ఏలింది. తాండూరుకు ఉత్తరాన ఉన్న జహీరాబాద్‌లో ఇప్పటికీ మహీంద్రా కర్మాగారం నడుస్తోంది. ఒకప్పుడు ఆల్విన్ నిస్సాన్ లారీలు తయారైన చోటు అది.

యుద్ధకాలపు విల్లీస్ బరువు సుమారు 1,100 కిలోలు, ఇంజిన్ బలం 60 హార్స్ పవర్. నాలుగు చక్రాలకూ 9 అంగుళాల డ్రమ్ములు. డ్రైవరు కాళ్ల కింద, నేల రేకుకు దిగువన ఒక మాస్టర్ సిలిండర్. దాని నుంచి నాలుగు చక్రాలకూ వెళ్లేది ఒకే ఒక్క ఆయిల్ దారి. ఎక్కడైనా ఒక పైపు పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటిగా రెండు దారులు ఉండాలన్న నియమాన్ని అమెరికా కార్లకు 1968లో తప్పనిసరి చేసింది. ఒకే ఆయిల్ దారి ఉన్న పాత జీపు నడుపుతున్నవాళ్లు ఈ సంగతిని మనసులో పెట్టుకోవాలి.

అంత బరువుకూ, ఆ వేగానికీ ఆ బ్రేకులు సరిపోయాయి. తర్వాత మనం ఏం చేశాం? హరికేన్ పెట్రోల్ ఇంజిన్ దించి బరువైన డీజిల్ ఇంజిన్ ఎక్కించాం. 28 అంగుళాల ఎత్తు టైరు స్థానంలో 31 అంగుళాలది తొడిగాం. చక్రం పెద్దదైతే అదే బ్రేకుకు నేల దగ్గర పట్టు పదో వంతు తగ్గుతుంది. అది చాలక బొలెరో ముందు ఇరుసు డిస్కులతో సహా తెచ్చి బిగించాం. కాలి బలాన్ని పెంచే బూస్టరు ఇంకో బండి నుంచి వచ్చింది. మాస్టర్ సిలిండర్ మాత్రం పాతదే ఉండిపోయింది, లేదా షాపులో దొరికినదేదో వచ్చి కూర్చుంది. ఒక్కో సామానూ విడిగా చూస్తే మంచిదే. కంపెనీలో ఇంజినీరు కూర్చుని లెక్క కట్టినప్పుడు ఏ సిలిండరుకు ఏ సిలిండరు జోడీ కావాలో ఆలోచించాడు. మనం ఆ లెక్కను చెరిపేశాం, కొత్త లెక్క వేయలేదు. మార్పులు చేసిన బండిలో పెడల్ కిందికి పోవడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. చెడిపోయిన సామాను కోసం వెతికేవాడికి అది దొరకదు.

కాలితోనే మొదటి పరీక్ష

పానా పట్టకముందే కాలు చాలా చెబుతుంది. బండి చదునైన చోట నిలబెట్టి, ఇంజిన్ ఆపి, పెడల్ నొక్కి చూడండి. కిందికి పోవడంలో మూడు తీర్లున్నాయి.

మొదటిది: పెడల్ చాలా దూరం ఖాళీగా పోయి, అడుగున గట్టిగా ఆగుతుంది. వెంటనే మళ్లీ నొక్కితే పైనే అందుతుంది. ఇందులో గాలి లేదు. కదలవలసిన దూరమే ఎక్కువైంది. రెండోది: పెడల్ మెత్తగా, స్పాంజిలా ఉంటుంది, ఎంత నొక్కినా ఇంకాస్త పోతుంది. ఇది గాలి చేరడం వల్ల, లేదా పాత రబ్బరు హోస్ పైపు ఒత్తిడికి ఉబ్బడం వల్ల, లేదా డ్రమ్ము గుండ్రానికీ షూ గుండ్రానికీ పొంతన కుదరక షూ వంగడం వల్ల వస్తుంది. మూడోది: మెల్లగా ఒత్తి పట్టుకుంటే పెడల్ నెమ్మదిగా జారుతూ నేల దాకా పోతుంది. బయట ఎక్కడా ఆయిల్ చెమ్మ లేకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి కప్పులు అరిగి ఆయిల్ వెనక్కి తప్పించుకుంటోందన్నమాట. చెమ్మ కనిపిస్తే చక్రాల లోపలివైపు, టైరు గోడ మీద చూడాలి. ఈ మూడో తీరు బండిని షెడ్డు దాకా కూడా నడపకూడదు, లాక్కెళ్లాలి.

ఇంకో చిన్న గుర్తు ఉంది. నిలబెట్టి ఉంచిన బండిలో పెడల్ బాగుండి, గుంతల రోడ్డు మీదో వరుస మలుపుల తర్వాతో మొదటి నొక్కు మాత్రమే కిందికి పోతే చక్రం బేరింగ్ వదులైందేమో చూడండి. డిస్కు అటూ ఇటూ ఊగి ప్యాడ్లను వెనక్కి నెడుతుంది. ఆ ప్యాడ్లు మళ్లీ డిస్కును అందుకోవడానికి మొదటి నొక్కు ఖర్చవుతుంది. బ్రేకు విప్పి ఎన్నిసార్లు గాలి తీసినా ఈ జబ్బు పోదు, ఎందుకంటే జబ్బు బ్రేకులో లేదు.

పావు మిల్లీమీటరు లెక్క

డ్రమ్ము బ్రేకులున్న బండిలో పెడల్ కిందికి పోవడానికి అన్నిటికన్నా మామూలు కారణం షూలకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ పెరగడం. చాలామంది దీన్ని చిన్న విషయమని వదిలేస్తారు. అది ఎంత పెద్దదో లెక్క చెబుతుంది.

నాలుగు చక్రాల వీల్ సిలిండర్లలో రెండేసి చొప్పున 8 పిస్టన్లు. ఒక్కోటి పావు మిల్లీమీటరు అదనంగా కదలవలసి వస్తే మొత్తం 2 మిల్లీమీటర్లు. మాస్టర్ సిలిండరూ వీల్ సిలిండర్లూ ఒకే వ్యాసం అనుకుంటే ఆ 2 మిల్లీమీటర్లూ మాస్టర్ పిస్టనే అదనంగా కదలాలి. పెడల్ కడ్డీ ఒకటికి ఆరు వంతుల నిష్పత్తిలో ఉంటే కాలి కింద అది 12 మిల్లీమీటర్లు. పావు మిల్లీమీటరుకే అరంగుళం! ఖాళీ ఒక మిల్లీమీటరుకు పెరిగితే కాలి కింద దాదాపు రెండు అంగుళాలు ఖాళీగా పోతాయి.

కాబట్టి ఏ సామానూ కొనకముందు చేయవలసింది నాలుగు చక్రాలనూ జాకీ మీద లేపి షూలను దగ్గరికి సెట్ చేయడం. చక్రాన్ని చేత్తో తిప్పుతూ, పట్టేసేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేంత మేరకే వదలాలి. పాత జీపులో ఒక్కో షూకు విడిగా సెట్టింగు ఉంటుంది కాబట్టి రెండు చక్రాలు చేసి మిగిలినవి రేపు చూద్దామంటే కుదరదు. తాండూరు వైపు నడిచే బళ్లకు ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. నాపరాతి గనుల దుమ్ము, పాలిష్ మిల్లుల దగ్గర పారే రాతిపిండి నీళ్లు, వానాకాలంలో నల్లరేగడి బురద డ్రమ్ము వెనక పలక మీద ఎండి గట్టిపడితే సెట్టింగు నట్టు తిరగదు. తిరగని నట్టును చూసి "సెట్ అయ్యే ఉంది" అనుకోవడం సులువు. డ్రమ్ము విప్పి, శుభ్రం చేసి, అది నిజంగా కదులుతోందని కళ్లతో చూడాలి.

డ్రమ్మును లేత్ మీద పదేపదే కోయించిన బండిలో ఈ సెట్టింగు కూడా పూర్తిగా పనిచేయదు. డ్రమ్ము లోపలి వ్యాసం పెరిగింది, షూ గుండ్రం పాతదే ఉంది. షూ నడిమి భాగం మాత్రమే తగిలి అంచులు గాల్లో ఉంటాయి. కాలు నొక్కినప్పుడు షూ వంగి అంచులు తగలాలి కాబట్టి పెడల్ కిందికీ పోతుంది, మెత్తగానూ ఉంటుంది. గాలి ఉందనుకుని లీటర్ల కొద్దీ ఆయిల్ వృథా చేసేది ఇక్కడే. డ్రమ్ముకు తగిన మందం లైనరు వేయించి, దాని గుండ్రానికి సరిపడా రుద్దించాలి. డ్రమ్ము హద్దు దాటి ఉంటే మార్చేయాలి.

అంబాసిడర్ ఉన్నవాళ్లకు ఒక తేలిక దారి ఉంది. ఆ కారులో హ్యాండ్ బ్రేకు వెనక షూలనే నొక్కుతుంది. హ్యాండ్ బ్రేకు లాగి పెడల్ నొక్కండి. పెడల్ పైకి వస్తే వెనక షూల ఖాళీయే దోషి. పాత విల్లీస్ జీపులో ఈ పరీక్ష పనికిరాదు. అందులో హ్యాండ్ బ్రేకు గేరుపెట్టె వెనకున్న షాఫ్టును పట్టుకుంటుంది, చక్రాల షూలతో దానికి సంబంధం లేదు.

డిస్కులు వచ్చాక

డిస్కులు పెట్టించిన మరుసటి వారమే షెడ్డుకు తిరిగొచ్చే జీపుల సంగతి చూద్దాం. ఇందులో చాలా తప్పులు చూడ్డానికి చిన్నవి.

డిస్కును పట్టే కాలిపర్ కుడిది ఎడమకు, ఎడమది కుడికి బిగిస్తే బోల్టులు కొన్నిసార్లు సరిగ్గానే పడతాయి. కానీ గాలి తీసే నిప్పల్ కిందివైపుకు వస్తుంది. గాలి పైకి పోతుంది, నిప్పల్ కింద ఉంటుంది. ఇక ఎంత పంపు కొట్టినా పైనున్న బుడగ కదలదు. కాలిపర్ విప్పి, నిప్పల్ పైకి ఉండేలా మార్చితే తప్ప పెడల్ గట్టిపడదు.

మాస్టర్ సిలిండర్ వ్యాసం రెండో చిక్కు. డిస్కు కాలిపర్ పిస్టన్లు పెద్దవి, వాటికి ఆయిల్ ఎక్కువ కావాలి. ముప్పావు అంగుళం మాస్టర్‌తో పోలిస్తే ఒక అంగుళం మాస్టర్ అదే కదలికకు 1.78 రెట్లు ఆయిల్ నెడుతుంది. అంటే పెడల్ పైకి వస్తుంది. కానీ అంతే ఒత్తిడి పుట్టించడానికి కాలు కూడా 1.78 రెట్లు బలంగా నొక్కాలి. పెడల్ పైకి వచ్చింది కదా అని సంబరపడి పెద్ద మాస్టర్ వేయించుకున్నవాళ్లకు బ్రేకు రాయిలా తగులుతుంది, బండి మాత్రం ఆగదు. బూస్టరు లేకుండా ఆ మార్పు చేయకూడదు.

మూడో చిక్కు జీపుకే ప్రత్యేకం, నాకు అన్నిటికన్నా ఆసక్తికరం. జీపు మాస్టర్ సిలిండర్ నేల రేకు కింద ఉంటుందని చెప్పాను. కాలిపర్లు దానికన్నా ఎత్తులో పడితే, బండి నిలబడి ఉన్నప్పుడు ఆయిల్ మెల్లగా మాస్టర్‌లోకి జారిపోతుంది. రాత్రి బాగున్న పెడల్ తెల్లారి మొదటి నొక్కుకు నేలను తాకుతుంది. దీన్ని ఆపడానికి దారిలో 2 పీఎస్‌ఐ ఒత్తిడి నిలిపే చిన్న వాల్వు పెట్టాలి. డ్రమ్ములకైతే 10 పీఎస్‌ఐ కావాలి, వీల్ సిలిండర్ కప్పులు ముడుచుకుని గాలి లాగకుండా. పాత మాస్టర్ లోపలే ఆ 10 పీఎస్‌ఐ వాల్వు ఉంటుంది. దానికే డిస్కులు కలిపితే ప్యాడ్లు వదలవు. చక్రం వేడెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది. అది చూసి కొందరు వాల్వు తీసేస్తారు. ముందు చక్రాలు వదులుతాయి, ఈసారి వెనక డ్రమ్ముల వల్ల పెడల్ కిందికి పోతుంది. ఒక జబ్బుకు చేసిన వైద్యం ఇంకో జబ్బు తెచ్చింది. సరైన పద్ధతి ముందుకూ వెనకకూ వేర్వేరు దారులున్న కొత్త మాస్టర్ పెట్టి, ఏ దారికి తగిన వాల్వు ఆ దారికి ఇవ్వడం. వీలైతే మాస్టర్‌ను నేల కింద నుంచి తీసి కాలిపర్ల కన్నా ఎత్తున, ఇంజిన్ గోడకు బిగించాలి. ఆ గోడ రేకు పలచనైతే వెనక పట్టీ వేయించాలి. ఒకరు పెడల్ నొక్కుతుంటే ఇంకొకరు బానెట్ తీసి చూస్తే రేకు వంగడం కనబడుతుంది.

బూస్టరు మీద ఒక మాట. డీజిల్ ఇంజిన్‌కు పెట్రోల్ ఇంజిన్‌లా గాలి లాగే శక్తి దానంతటది పుట్టదు, వేరే వాక్యూమ్ పంపు కావాలి. అది లేకపోతే పెడల్ గట్టిగా తగులుతుంది, కిందికి పోదు. ఇంజిన్ ఆపి పెడల్‌ను కొన్నిసార్లు కొట్టి, నొక్కి పట్టుకుని స్టార్ట్ చేస్తే కాస్త దిగుతుంది. అది లోపం కాదు, బూస్టరు పనిచేస్తోందని గుర్తు. బూస్టరు కడ్డీకీ మాస్టర్ పిస్టన్‌కూ మధ్య ఖాళీ ఎక్కువైతే మాత్రం ఆ మేరకు పెడల్ ఉత్తగా పోతుంది. అసలు ఖాళీ లేకుండా బిగిస్తే ఆయిల్ వెనక్కి రాక బ్రేకులు పట్టేస్తాయి. ఇదంతా మిల్లీమీటర్ల పని, కంటి అంచనా పనికిరాదు.

దోషం ఎక్కడో తేల్చడం

అన్నీ ఒకేసారి మార్చేయడం మన షెడ్డుల్లో పెద్ద జాడ్యం. మాస్టర్ మార్చారు, కిట్లు మార్చారు, హోసులు మార్చారు, పెడల్ మారలేదు. డబ్బు పోయింది, దోషం మిగిలింది. వరుస ఉంటే సగం రోజులో తేలుతుంది.

మాస్టర్ నుంచి వెళ్లే పైపులు విప్పి, ఆ రంధ్రాలకు ప్లగ్గులు బిగించి, గాలి తీసి పెడల్ నొక్కండి. పైనే రాయిలా ఆగితే మాస్టర్ మంచిదే, దాన్ని కొనకండి. కుంగితే దోషం అక్కడే. మాస్టర్ మంచిదని తేలాక పైపులు తిరిగి కలిపి, గాలి తీసి, ముందు చక్రాల హోసులను హోస్ పట్టే క్లాంపుతో బిగించండి. ఉత్త ప్లయరుతో వద్దు, రబ్బరు లోపల చిట్లుతుంది. పెడల్ పైకి వస్తే దోషం ముందు చక్రాల్లో, రాకపోతే వెనక. ఒక్కో హోసే వదులుతూ వస్తే ఏ చక్రమో తెలుస్తుంది. ఎండకు పగుళ్లు వచ్చిన పాత హోసులను క్లాంపుతో పరీక్షించవద్దు, ముందే మార్చండి.

ఘాట్ దిగేటప్పుడు ఏం జరుగుతుంది

చదును మీద సరిపోయిన పెడల్ కొండ దిగేటప్పుడు ఎందుకు అడుగంటుతుంది? 9 అంగుళాల ఇనుప డ్రమ్ము 200 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం సుమారు అర మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే ఒక్కో షూ నుంచి పావు మిల్లీమీటరు దూరం జరుగుతుంది. ఇందాకటి లెక్క గుర్తు చేసుకోండి. ఏ సామానూ చెడకుండానే కాలి కింద అరంగుళమైనా పోయింది. పైన ఉన్నప్పుడే పెడల్ సగానికి దిగి ఉంటే కింది మలుపులో ఇంకేం మిగులుతుంది?

వేడి ఆయిల్‌కూ చేరుతుంది. మనం బ్రేకు ఆయిల్ అంటాం కానీ అది గాలిలోని తేమను పీల్చే ద్రవం. కొత్త డాట్-3 రకం ద్రవం కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్-4కు 230, 155. మరిగిన చోట ఆవిరి బుడగ పుడుతుంది, పెడల్ ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. చల్లారాక మళ్లీ మామూలవుతుంది కాబట్టి "ఏదో అయింది, ఇప్పుడు బాగుంది" అనుకుని బయల్దేరుతారు. రెండేళ్లకోసారి ఆయిల్ పూర్తిగా మార్చితే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. ఆయిల్ అనే పేరు చూసి ఇంజిన్ ఆయిల్ పోసినవాళ్లూ ఉన్నారు. ఆ చుక్కలు తగిలితే కప్పులన్నీ ఉబ్బి మొత్తం వ్యవస్థ పాడవుతుంది.

ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట ఇక్కడ అక్షరాలా నిజం. ఇంజిన్ పట్టు బ్రేకుల వేడిని తగ్గిస్తుంది. న్యూట్రల్‌లో దిగి డీజిల్ మిగుల్చుకుందామన్న ఆలోచన అనంతగిరి మీద వద్దు.

కాగితం సంగతి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నమూనాకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టసవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు వచ్చాయి. ఇంజిన్ మార్పు వంటివి ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. 50 ఏళ్లు దాటిన బళ్లకు 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని వాటికే. నా మట్టుకు ఈ నియమంలో ఒక లోటు కనిపిస్తుంది. ఒకే ఆయిల్ దారిని రెండుగా మార్చడం బండిని సురక్షితం చేసే పని. అలాంటి బ్రేకు మార్పులను పరీక్షించి, ముద్ర వేసి ఒప్పుకునే సులభమైన పద్ధతి జిల్లా స్థాయిలో ఉండాలి. అది లేనంతకాలం మంచి పని కూడా చాటుగానే జరుగుతుంది, చాటుగా జరిగే పనిని ఎవరూ తనిఖీ చేయరు.

జీపు యజమానులకు ఒక్క మనవి. రేపు ఉదయం వికారాబాద్‌లో టీ కోసం ఆగినప్పుడు, కొండ ఎక్కకముందే, చదును మీద పెడల్‌ను ఒక్కసారి గట్టిగా నొక్కి అరనిమిషం పట్టుకోండి. మొదటి నొక్కులోనే పైసగంలో ఆగి, అక్కడే నిలబడితే వెళ్లండి. రెండోసారి కొట్టవలసి వచ్చినా, పట్టుకున్న కాలి కింద జారినా, బండిని అక్కడే వదిలి బస్సెక్కండి.